ముద్దచేప రోజు

2వ తేదీ, సోమవారం

షట్టరు పూర్తిగా ఎత్తకముందే చేపల షాపు అబ్బాయి వచ్చి నెత్తిన కూర్చున్నాడు. వీధిలో అందరూ వాణ్ణి బుడగలు అంటారు. అద్దాల తొట్లు, రంగు చేపలు, తొట్లో బుడగలు వదిలే గొట్టాలు అమ్ముతాడు. వాడి మాటలూ అంతే, ఒకటి పైకొచ్చేలోపు ఇంకోటి బయల్దేరుతుంది.

"అక్కా, ఇది చూడండి," అని ఫోను నా మొహానికి ఆనించాడు. గులాబీ రంగు ముద్ద. దానికో ముక్కు, అదీ జారిపోయి ఉంది. మూతి రెండు చివర్లూ కిందికి వేలాడుతున్నాయి. పొద్దున్నే ఎవరో తిట్టి పంపినట్టుంది.

"ఏంటయ్యా ఇది, తడిసిన పిండా?"

"చేపక్కా. బ్లాబ్‌ఫిష్ అంటారు. సముద్రం అడుగున ఉంటుంది. ఇంత ఏడుపు మొహం ఇంకే జీవికీ లేదు. నేను ముద్దచేప అని పేరు పెట్టా. పద్నాలుగు శనివారం మన వీధిలో ముద్దచేప రోజు చేస్తున్నాం."

"చేస్తున్నామా?"

"మీ పేరు కూడా రాసేశా."

రూల్స్ కూడా వాడే రాసేశాడు. ఆ రోజు షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా షాపు వాళ్ళెవరూ నవ్వకూడదు. మొహం వేలాడేసుకునే ఉండాలి. వచ్చిన జనం మమ్మల్ని నవ్విస్తే వాళ్ళకి తగ్గింపు. నవ్వినవాళ్ళు చేప టోపీ పెట్టుకుని వీధి ఊడ్వాలి. ఇంకో రూలుంది, అది ఇంకా దరిద్రం. ఎలా ఉన్నారని ఎవరడిగినా బాగున్నాను అనకూడదట. ఉన్నదున్నట్టు చెప్పాలట.

నేను ఫొటో స్టూడియో దాన్ని. రోజంతా జనాన్ని నవ్వండి బాబూ నవ్వండి అని బతిమాలుకుంటే గాని నాకు పూట గడవదు. నన్ను పట్టుకుని నవ్వొద్దంటాడు.

"వీధిలోకి జనం రావడమే మానేశారు కదక్కా. ఏదో ఒకటి చెయ్యాలిగా," అన్నాడు. ఆ మాట మాత్రం నిజం. అందుకే ఊరుకున్నా.

వెళ్తూ వెళ్తూ ఇంకో బుడగ. "తెలుసా అక్కా, అడుగున ఉన్నప్పుడు అది మామూలు చేపేనట. పై నీళ్ళ బరువుకి ఒళ్ళు సరిగ్గా నిలబడి ఉంటుందట. పైకి లాగితేనే ఇలా జారిపోతుంది."

"మరి లాగడమెందుకు, దాని మానాన దాన్ని వదిలెయ్యక," అన్నా. 

నిన్న చెల్లి చెప్పిన సంగతి రాద్దామని ఫోను తీశాను. చేపతోనే సరిపోయింది. ఎవరో వచ్చారు.

3వ తేదీ, మంగళవారం

చెల్లి సంగతి.

వేరే ఊళ్ళో పెద్ద ప్రింటింగ్ సంస్థ ఒకటుంది. చిరిగినవి, చెద తిన్నవి, తడిసి అంటుకుపోయినవి, అలాంటి పాత ఫొటోలు బాగుచేసి పుస్తకాలు వేస్తారు. చెల్లి ఎవరికీ చెప్పకుండా తను చేసినవి కొన్ని పంపింది. వాళ్ళు రమ్మని ఉత్తరం రాశారు. వస్తుందో రాదో ఇరవయ్యో తేదీలోపు చెప్పాలి.

మంచిదే.

ఇది మా ఆయన ఉన్నప్పుడు పెట్టిన స్టూడియో. ముందు గదిలో నేను. లైట్లు, స్టూలు, తెల్ల పరదా, దారం కట్టిన దువ్వెన, అందరికీ సరిపోయే ఒకే ఒక్క కోటు. బక్కవాళ్ళకి వెనక క్లిప్పులు పెడతా. వెనక గదిలో కంప్యూటర్ ముందు చెల్లి. కళ్ళ కింద నలుపు తీస్తుంది, మొటిమలు చెరిపేస్తుంది, చివర్లో మూతి రెండు మూలలూ వెంట్రుకవాసి పైకి ఎత్తుతుంది. అంత సన్నగా ఎత్తుతుంది కాబట్టే ఎవరికీ తెలియదు. ఆవిడ దగ్గర దిగితే మొహం కళకళ్ళాడుతుంది అని వీధంతా నన్ను మెచ్చుకుంటారు. చేసేదంతా అది. అసలు ఫొటో ఉంచకూడదని రూలు పెట్టింది మాత్రం నేనే. సరిచేసినదాన్ని అసలుదాని మీదే సేవ్ చేసెయ్యాలి. ఒకసారి ఒకావిడ రెండూ పక్కపక్కన చూసి ఏడ్చుకుంటూ వెళ్ళింది. ఆ రోజు నుంచీ అంతే.

నాకేం బాధగా లేదు. దాని చేతిలో పనుంది, ఎక్కడికైనా వెళ్ళొచ్చు. అమ్మానాన్నా పోయినప్పుడు అది స్కూలు పిల్ల. ఆయన పోయినప్పుడు నాతో ఉన్నది అదొక్కతే. వారం తిరక్కుండానే కెమెరా వెనక నిలబడి జనాన్ని నవ్వమన్నాను. పని అంటే పనే.

సంతోషంగానే ఉంది.

5వ తేదీ, గురువారం

"ఏమంటావక్కా?" అని అడిగింది చెల్లి, టీ ఇస్తూ.

"శుభ్రంగా వెళ్ళు. నాకేం," అని నవ్వాను.

అది గ్లాసు పట్టుకుని నా మొహంలోకి అలాగే చూసింది. స్క్రీను మీద మచ్చ ఎక్కడుందా అని వెతికేటప్పుడు చూస్తుందే, అలా.

6వ తేదీ, శుక్రవారం

మెయిన్ రోడ్డు మీది స్కూలు వాళ్ళకి పిల్లలందరి గుర్తింపు కార్డులు చెయ్యాలట. వేరే స్టూడియో వాడికి వెళ్ళబోతుంటే నేనే వెళ్ళి మాట్లాడి పట్టుకొచ్చా. ఫొటోలు తీయడం నాకు చిటికెలో పని, వెనక గది పనే నెలల తరబడి ఉంటుంది. వచ్చిన పని కాదంటామా ఎక్కడైనా. వ్యాపారం కదా.

చెల్లికి ఇంకా చెప్పలేదు. సందర్భం రాలేదు.

8వ తేదీ, ఆదివారం

సెలవు రోజు కూడా వదల్లేదు బుడగలు. దర్జీ పిన్ని షాపులో మీటింగు పెట్టాడు.

పిన్ని మా పక్క షాపు. నేనీ వీధిలో అడుగుపెట్టినప్పటి నుంచీ ఆవిడ పళ్ళు చూసిన పాపాన పోలేదు. కొలతలు తీస్తుంటే జనం ఊపిరి బిగబట్టుకుని నిలబడతారు. ఆవిణ్ణి చూసి బుడగలు, "పిన్నీ, ఫస్టు ప్రైజు మీకే. మీరు ప్రత్యేకంగా ఏం చెయ్యక్కర్లేదు," అన్నాడు.

"నోర్ముయ్," అంది పిన్ని. టోపీలు మాత్రం కుట్టడానికి ఒప్పుకుంది. ఎవరో వద్దని వదిలేసిన గులాబీ రంగు పరదా గుడ్డ ఉందట.

ప్రైజు ఎవరికో తేల్చేది ఎలా అని వాదన. అప్పుడు బుడగలు నా వైపు తిరిగాడు. ఆ రోజు వచ్చిన వాళ్ళందరికీ, షాపు వాళ్ళకి కూడా నేను ఏడుపు మొహం ఫొటో తియ్యాలట. అవన్నీ మా అద్దానికి అంటించాలట. మర్నాడు పొద్దున జనమే చూసి, అందరికంటే దిగాలు మొహం ఎవరిదో తేలుస్తారట. సరే అన్నా. ఫొటోలంటే నాలుగు డబ్బులొస్తాయి.

"మీ చెల్లి కూడా ఉంటుందిగా ఆ రోజుకి?" అని అడిగాడు.

"ఎందుకుండదు?" అన్నా. గట్టిగానే అన్నట్టున్నా. పిన్ని కత్తెర ఆపి చూసింది.

వీడికెవరు చెప్పారో.

9వ తేదీ

తలనొప్పి. జనం లేరు. చేప బ్యానరు కట్టారు, సరిగ్గా నా బోర్డుకి అడ్డంగా.

11వ తేదీ, బుధవారం

స్కూలు వాళ్ళు ఫోను చేశారు. నేను బయట లైటు బల్బు కొనడానికి వెళ్ళా, చెల్లి ఎత్తింది.

వచ్చేసరికి స్క్రీను వైపే తిరిగి ఉంది. పని చేసుకుంటోంది. మౌసు టిక్కు టిక్కుమంటోంది. నాకే ఆగలేదు.

"చెప్దామనుకున్నా," అన్నా.

"ఏం?"

"స్కూలు పని."

"మంచిదేగా. ఎప్పటిదాకా ఉంటుందట?"

"ఎంత, కొన్నాళ్ళు. నువ్వు లేకపోయినా నేను చూసుకుంటాలే."

"నీకు కంప్యూటర్ ఆన్ చెయ్యడం కూడా రాదు కదక్కా."

నవ్వేశాను. నవ్వి, జోకు కదా అనుకున్నా. తను నవ్వలేదు. మళ్ళీ టిక్కు టిక్కు.

ఆ చేప అబ్బాయిని అనాలి. వీధిలో అందరి మూడ్ పాడుచేసి పెట్టాడు.

13వ తేదీ, శుక్రవారం

రేపే ఆ వెధవ పండగ. పిన్ని టోపీ ఇచ్చి వెళ్ళింది. రెండు వైపులా చెవుల్లాగా మూతి మూలలు వేలాడుతున్నాయి. అద్దంలో చూసుకుంటే దొంగతనం చేసి దొరికిపోయినట్టున్నా.

చెల్లి ఇంకా వాళ్ళకి జవాబు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో నాకేం తెలుసు. వెళ్ళమనే చెప్పాను కదా. ఎన్నిసార్లు చెప్పాలి. నవ్వుతూ చెప్పాను. ఇంకా ఏం కావాలి దానికి.

14వ తేదీ, శనివారం

నడుం విరిగిపోయింది. ఊడ్చి ఊడ్చి. పడుకునే ముందు కాస్త రాసి పెడతా.

మొట్టమొదట ఓడిపోయింది ఎవరో తెలుసా, దర్జీ పిన్ని. పొద్దున్నే బుడగలు గులాబీ రంగు దిండు గలీబులన్నీ కలిపి కుట్టిన డ్రస్సులో, లోపల దూది కుక్కుకుని, ముద్దచేప వేషంలో వచ్చాడు. పిన్ని షాపు గుమ్మంలో ఇరుక్కున్నాడు. ముందుకీ రాలేడు, వెనక్కీ పోలేడు. "పిన్నీ, కొంచెం తొయ్యండి," అన్నాడు దీనంగా. ఆవిడ మొదట దగ్గినట్టు చేసింది. తర్వాత గోడ పట్టుకుంది. తర్వాత స్టూలు మీద కూలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది. వీధి వీధంతా వచ్చి చూశారు, పిన్ని నవ్వితే ఇలా ఉంటుందా అని. ఆవిడకి పైన రెండు పళ్ళ మధ్య సందుంది. ఇన్నేళ్ళూ తెలియదు.

తర్వాత నేనే. పందెమేమీ లేదు, ఎవరూ నవ్వించలేదు. ఒకాయన లోపలికొచ్చాడు, అంతే, మొహం దానంతటదే విచ్చుకుంది. "అక్కా, ఔట్," అని బుడగలు ఎదురు షాపులోంచి అరిచాడు. ఊడ్చా. వచ్చి నిలబడ్డా. ఇంకొకావిడ పిల్లనెత్తుకుని వచ్చింది. మళ్ళీ విచ్చుకుంది. మళ్ళీ చీపురు. ఈసారి పెదాలు లోపలికి మడిచి పళ్ళతో పట్టుకున్నా. ఒకాయన కోటు తొడుక్కుంటూ, "ఎలా ఉన్నారు?" అన్నాడు.

"బాగున్నానండీ."

నాలిక కరుచుకున్నా. ఆయనే పాపం చీపురు తెచ్చిచ్చాడు.

పిన్ని తన ఊడ్పు తను ఊడుస్తూ అంది, "నీ మొహానికి ఏదైనా స్ప్రింగు పెట్టించుకున్నావా అమ్మాయ్?"

"అలవాటు పిన్నీ."

"నాకూ అలవాటే, ముడుచుకోవడం," అంది ఆవిడ.

జనం మాత్రం వచ్చారు, అబద్ధం చెప్పకూడదు. ఈ మధ్య ఈ వీధిలో అంత జనాన్ని చూళ్ళేదు. ఏడుపు మొహం ఫొటోకి గుమ్మం బయటదాకా లైను. రోజూ నవ్వరు బాబోయ్ అని మొత్తుకుంటానా, ఇవాళ ఏడవమంటే ఏడవరు. ఒక ముసలి జంట వచ్చారు. ఆయన ఎంత ప్రయత్నించినా మొహం దిగులుగా రావట్లేదు. "నువ్వేం చెయ్యకు. ఇంట్లో ఎలా ఉంటావో అలా ఉండు, చాలు," అంది పెద్దావిడ. సరిగ్గా వచ్చింది.

సాయంత్రం బుడగలు, "ఇంకా మీ ఫొటో దిగలేదక్కా. షాపు వాళ్ళందరూ దిగాలి," అని పట్టుబట్టాడు. నేను కెమెరా ముందు నిలబడి ఎన్నాళ్ళయిందో. ఆయన ఉన్నప్పుడు ఎప్పుడో. చెల్లిని పిలిచారు. అది వెనక గదిలోంచి వచ్చింది. లైనులో వాళ్ళు కూడా చూస్తున్నారు, ఎవరీ అమ్మాయి అని. లోపల అలాంటి మనిషి ఒకతుందని చాలామందికి తెలియదు.

కెమెరా వెనక నిలబడి, ఫోకస్ చూసుకుని, అడిగింది.

"ఎలా ఉన్నావక్కా?"

రూలు ప్రకారం అడిగిందిలే. అందరూ అందరినీ అడుగుతున్నారుగా.

బాగున్నాను అనకూడదు. ఇంకేం అనాలో తోచలేదు. బయట జనం. 

"ఊ, నొక్కవే తొందరగా. లైను ఉంది," అన్నా.

నొక్కింది.

నవ్వుతూనే ఉన్నాననుకుంటా. మళ్ళీ చీపురు ఇస్తారేమోనని బుడగల వైపు చూశా. వాడు నేల చూస్తున్నాడు. ఎవరూ ఔట్ అనలేదు.

నడుం నొప్పని నేను ముందొచ్చేశా. ఫొటోలన్నీ కానిచ్చి ప్రింటు తీసి అద్దానికి అంటించి వస్తానంది చెల్లి.

15వ తేదీ, ఆదివారం

ఒళ్ళు మండిపోతోంది. అయినా రాయాలి.

పొద్దున వెళ్ళేసరికి స్టూడియో ముందు గుంపు. ఏదో యాక్సిడెంటు అయిందనుకున్నా. దగ్గరికెళ్తే అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. అద్దం నిండా ఫొటోలు. నిన్న అంత కష్టపడి మొహాలు వేలాడేసుకుని దిగిన ఫొటోలు. ప్రతి ఒక్క మొహం మీదా సన్నగా, ముద్దుగా, వెంట్రుకవాసి చిరునవ్వు. ముసలాయన నవ్వుతున్నాడు. పెద్దావిడ నవ్వుతోంది. పిన్ని నవ్వుతోంది, పళ్ళు కనపడకుండా. ముద్దచేప వేషంలో బుడగలు కూడా నవ్వుతున్నాడు, గులాబీ ముద్ద మధ్యలోంచి.

అలవాటు. మొహం కనిపిస్తే చెల్లి చెయ్యి దానంతటదే మూతి మూలకి వెళ్ళిపోయింది. చేసినవి అసలువాటి మీదే సేవ్ చేసింది, నా రూలు ప్రకారం. ప్రింట్లు జనానికి కనపడేలా అద్దానికి లోపలి నుంచి అంటించింది కాబట్టి దానికి తెల్లటి వీపులే కనిపించాయి.

ఒక్క ఫొటో తప్ప.

మధ్యలో ఒకావిడ ఉంది. మొదట ఎవరో అనుకున్నా. బుగ్గలు కిందికి జారిపోయి, కళ్ళు ఎక్కడో ఉండి, మూతి ఒక మూల వణుకుతున్నట్టు. టోపీ చూసి గుర్తుపట్టా. నేనే.

బుడగలు స్టూలెక్కాడు. "ఇంతమందిలో దిగాలు మొహం ఒక్కటే ఉంది కాబట్టి," అని మొదలుపెట్టి, నన్ను చూసి, తగ్గించి, "ఫస్టు ప్రైజు మన స్టూడియో అక్కకే," అన్నాడు. చప్పట్లు కొట్టారు. అందరూ కాదు. పిన్ని కొట్టలేదు. గాజు తొట్లో ఒక ఎర్ర చేప తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. నేను థాంక్స్ అన్నాను, నవ్వాను. తొట్టి ఒరిగి నీళ్ళు చీర మీద పడ్డాయి.

షట్టరు సగం దించి లోపలికెళ్ళా. చెల్లి వెనక గదిలో కూర్చుని ఉంది, బయటి గోల అంతా విన్నట్టుంది.

"ఏంటే ఈ పని?" అన్నా. దాన్ని నేను ఎప్పుడూ గట్టిగా అనలేదు. నాకే వింతగా వినిపించింది. "అందరివీ ఎత్తావు, నాది ఒక్కటీ వదిలేశావు. నన్ను నలుగుర్లో నిలబెట్టి నవ్వులపాలు చెయ్యడానికా?"

"అందరివీ చేతులు చేసేశాయక్కా, నేను చూసుకోలేదు. నీది వచ్చింది. చెయ్యి ఆగిపోయింది."

"ఎందుకాగింది?"

"నీ మొహం నేనెప్పుడూ చూడలేదు. మొదటిసారి చూశా. దాన్ని చెరపబుద్ధి కాలేదు."

"తీసెయ్. ఇప్పుడే తీసెయ్. నా షాపులో నా ఫొటో, నా ఇష్టం."

"అదే కదా. షాపు నీది. మరి నేనేంటి ఇక్కడ?"

"నువ్వు వెళ్ళిపోయేదానివి. వెళ్ళమన్నానుగా."

"అన్నావు. నవ్వుతూ అన్నావు. మర్నాడే వెళ్ళి నెలల తరబడి చెయ్యాల్సిన స్కూలు పని తెచ్చి నా నెత్తిన పెట్టావు. రెంట్లో ఏది నమ్మను? అప్పటి నుంచీ అదే చూస్తున్నా. వాళ్ళకి చెప్పాలంటే ముందు నాకు తెలియాలిగా."

"ఏం తెలియాలి?"

"నీకు ఎలా ఉందో."

"నాకు ఎలా ఉంటే ఏంటి, నువ్వు చెయ్యాల్సింది చెయ్యి."

"బావ పోయినప్పుడూ ఇంతే. వారానికే పరదా దులిపి జనాన్ని నవ్వమన్నావు. నేను ఈ గదిలో కూర్చుని ఏడుస్తుంటే బయట నువ్వు గడ్డం కొంచెం కిందికి అంటున్నావు. నాకేం అర్థమైందో తెలుసా? నీకు ఎవరున్నా లేకపోయినా ఒకటేనని. ఇప్పుడూ అదేనేమోనని."

చేప తొట్టి ఇంకా చేతుల్లోనే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక కీబోర్డు పక్కన పెట్టాను. చెల్లి చటుక్కున పక్కకి జరిపింది, నీళ్ళు పడతాయని.

"వెళ్ళకు," అన్నాను.

నా నోటి నుంచే వచ్చింది. స్కూలు పని గురించి ఏదో అనబోయాను, అదొచ్చింది.

"పొద్దున షట్టరు ఎత్తాక ఈ గదిలోంచి ఏ చప్పుడూ రాకపోతే నేనుండలేను. నాకు భయం. పనికి ఇంకొకళ్ళని పెట్టుకుంటాను, పని గురించి కాదు. నువ్వు ఆ ఉత్తరం సంగతి చెప్పిన రోజు నుంచీ నాకు కోపంగా ఉంది. నువ్వు నన్నడక్కుండా నీ ఫొటోలు పంపావు. బుడగలుకి ముందే తెలుసేమో, నాకు తెలియదు. ఆ సంస్థ మూతపడిపోతే బావుండునని కూడా అనుకున్నా. ఎలా ఉన్నావని అడిగావుగా. ఇలా ఉన్నా."

ఇంకా చాలా అన్నాను. గుర్తులేవు. ముక్కు కారింది, కోటు అంచుకి తుడుచుకున్నా, అందరూ వేసుకునే కోటుకి.

చెల్లి లేచి నిలబడి ఉంది. ఏడుస్తోంది. నేను ఒకరి ఏడుపు చూస్తూ ఏమీ చెయ్యకుండా నిలబడటం అదే మొదటిసారనుకుంటా.

"నేను వెళ్తానక్కా," అంది.

"ఇదంతా విన్నాక కూడానా?"

"విన్నాకే."

"మరి నా చేత ఎందుకు చెప్పించావు?"

"ఊరికే వెళ్ళిపోవడం నా వల్ల కాలేదు. నువ్వు వద్దంటున్నావని తెలిసి వెళ్ళాలి. అప్పుడు తిరిగి రావడానికి నాకో మనిషుంటుంది."

నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతోంది. ఇదేం లెక్క.

16వ తేదీ, సోమవారం

మాట్లాడుకోలేదు. వంట నేను చేశా, తను గిన్నెలు కడిగింది.

బయట జనం ఇంకా అద్దం దగ్గర ఆగుతున్నారు. నా ఫొటో తీసేద్దామని రెండుసార్లు వెళ్ళా. పిన్ని వచ్చి చూసి, "ఉండనీ అమ్మాయ్. నిన్నిలా చూశాక నాకూ నీతో రెండు మాటలు మాట్లాడాలనిపిస్తోంది," అంది. ఏం మాటలో చెప్పలేదు. గుమ్మంలో కాసేపు కూర్చుని వెళ్ళింది.

18వ తేదీ, బుధవారం

చెల్లి పక్కన కుర్చీ వేసి, "కూర్చో," అంది.

మౌసు పట్టుకోవడం దగ్గర్నుంచి మొదలు. నా చెయ్యి ఎటు వెళ్ళాలంటే అటు కాక ఇంకోవైపు వెళ్తుంది. స్కూలు పిల్ల ఒకతెకి మొటిమ చెరపబోయి ముక్కు చెరిపేశాను.

"అక్కా, ముక్కేది?"

"ఉంది, కొంచెం తగ్గింది."

"మెల్లిగా, దాన్ని కొడుతున్నట్టు లాగకు."

"నాకు రాదు. నువ్వే ఉండి చెయ్యి."

"ఉండను. మళ్ళీ చెయ్యి."

అరుచుకున్నాం. బయట కస్టమరు ఉన్నాడని కూడా చూడలేదు. అసలు ఫొటోలు ఇకనుంచి విడిగా దాచిపెట్టమంది, ఎవరైనా అడిగితే ఇవ్వడానికి. ఆలోచిస్తా అన్నా. ఆలోచించేదేం లేదంది. నా షాపు అన్నా. తెలుసు అంది.

తెచ్చుకున్న పని వదిలేది మాత్రం లేదు. స్కూలు పిల్లలందరివీ నేనే చేస్తా, ఎన్నాళ్ళయినా సరే.

20వ తేదీ, శుక్రవారం

వాళ్ళకి ఫోను చేసింది. వెనక గదిలో చేస్తుందనుకున్నా. ముందు గదిలో, నా కౌంటరు దగ్గర, నా ఎదురుగా నిలబడి చేసింది. వస్తానంది. ఒకటో తేదీన చేరతానంది.

నేను నవ్వలేదు. బావుంది అనలేదు. అలా నిలబడి ఉండటం ఎంత కష్టమో.

28వ తేదీ

సూట్‌కేసు కొన్నాం. దారంతా పోట్లాట. నాకు చిన్నది చాలనిపించింది, దానికి పెద్దది కావాలి. పెద్దది కొంటే ఎక్కువ రోజులు ఉండిపోతుందని నేను అన్నా. షాపువాడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పెద్దదే కొన్నాం.

1వ తేదీ, బుధవారం

నిన్న రైలెక్కించి వచ్చా.

ఇవాళ వెనక గదిలో లైటు వేసి ఉంచా, ఊరికే. మధ్యాహ్నం ఆపేశా. మళ్ళీ వేశా.

పిల్లల ఫొటోలు కొన్ని చేశా. ముక్కులన్నీ ఉన్నాయి.

3వ తేదీ, శుక్రవారం

సాయంత్రం చెల్లి ఫోను. నేను ముందు గదిలో లైట్లు సర్దుతున్నా.

గది ఇరుకుగా ఉందట. కిటికీ మూసుకోదట. పక్క టేబులు ఆయన రోజంతా గొంతు సవరించుకుంటాడట. మొదటి ఫొటో ఎవరిదో పెళ్ళి ఫొటో ఇచ్చారట, పెళ్ళికూతురి మొహం మొత్తం చెద తినేసింది, ఏముందని బాగుచెయ్యాలి అంది. సర్దుకుంటుందిలే అనబోయాను. ఆగాను.

"నాకూ ఇక్కడ నరకంగా ఉందే," అన్నా.

 అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. నాకూ ఆగలేదు. ఇద్దరం ఫోను పట్టుకుని ఏడ్చాం, మాటల్లేకుండా. ఇద్దరిలో ఎవరూ పెట్టెయ్యలేదు.

అప్పుడే ఒకాయన తలుపు తోసుకుని వచ్చాడు. "అర్జెంటుగా ఫొటో కావాలండీ. తీస్తారా?"

కళ్ళు తుడుచుకోలేదు. ఫోను చెవికే ఉంది.

"తీస్తాను. ఆ కుర్చీలో కూర్చోండి," అన్నా. "మా చెల్లితో మాట్లాడుతున్నా. ఎంతసేపు పడుతుందో తెలియదు."

ఆయన నా మొహం చూశాడు. వెళ్ళి కూర్చున్నాడు.

"ఎవరక్కా?" అంది చెల్లి.

"కస్టమరు."

"పెట్టెయ్యనా?"

"వద్దు. ఆ పెళ్ళికూతురి సంగతి చెప్పు."